శివానందసేనుడు - యాత్రలో నడచిన శునకము

కాలినడకను కొండకు బయలుదేరినవారికి ఒక అనుభవము కలదు. ఊరు దాటి రెండు క్రోసులు నడచుసరికి ఎవరిదో తెలియని కుక్క యొకటి వెంటబడును. అదలించినను పోదు. విడిదిలో విస్తళ్లు వేసినపుడు దూరముగా కూర్చుండును. తెల్లవారుజామున గోవిందనామముతో అందరును లేచినపుడు తానును లేచి, ఒడలు దులుపుకొని, దారి తెలిసినదానివలె ముందు నడచును. మూడవనాటికి దానికొక పేరు పెట్టుదురు. ఇంటికి తిరిగివచ్చి క్షేత్రమహిమను చెప్పుకొనునపుడు ఆ కుక్క ముచ్చట రాక మానదు.

ఇట్టి శునక మొకటి వైష్ణవ వాఙ్మయములో నిలచిపోయినది. దానికి పేరు లేదు. దానికి అన్నము పెట్టిన గృహస్థునకు మాత్రము గొప్ప పేరు కలదు. ఆయన శివానందసేనుడు. వంగ, ఉత్కళ దేశములలో శ్రీకృష్ణచైతన్య మహాప్రభువు చరిత్రను వినిన ప్రతివారికిని ఆ నామము పరిచితమే. కృష్ణదాస కవిరాజు రచించిన చైతన్యచరితామృతమున అంత్యలీల యనెడి తుది భాగము ఈ శునకము కథతోనే ఇంచుమించుగా ఆరంభమగుచున్నది. మహాప్రభువు జీవితమునందలి చివరి సంవత్సరములను, ఆ విరహోన్మాదమును వర్ణింపబూనిన మహాకవి మొట్టమొదట ఒక వీధికుక్క కథను చెప్పుట ఏమరుపాటున జరిగినది కాదని నాకు తోచుచున్నది.

చైతన్య మహాప్రభువు మన సీమకు పరాయివాడు కాడు. 1486లో నవద్వీపమున అవతరించి, 1510లో సన్న్యసించి, ఆ సంవత్సరమే నీలాచలము నుండి దక్షిణయాత్రకు వెడలెను. శ్రీకూర్మము, సింహాచలము సేవించి, గోదావరి తీరమున రామానందరాయని కలసికొని, అహోబల నృసింహుని, పానకాల నృసింహుని దర్శించెను. మంగళగిరిలో నేటికిని ఆయన పాదపీఠము కలదు. తెనాలివారికి మంగళగిరి పొరుగూరువంటిది గదా! ఆనాడు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములు కొండవీటి సీమలోనివి. ఆ సీమ పూరీ నేలిన గజపతి ప్రతాపరుద్రుని ఏలుబడిలో నుండెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటి దుర్గమును పట్టుకొను వరకు, మన తాతముత్తాతలును జగన్నాథుని రథము ముందు చీపురు పట్టు రాజునకే పన్ను చెల్లించిరి. నేడు మనవారు తెనాలిలోను, బాపట్లలోను రైలెక్కి, రేపల్లెవారైనచో తెనాలికి వచ్చి బండి మారి, ఖుర్దారోడ్డు మీదుగా ఒకటి రెండు దినములలో పూరీ చేరుచున్నారు. శివానందసేనుని కాలమున వంగదేశము నుండి పూరీ చేరుట వారముల తరబడి సాగెడి నడక.

శివానందసేనుడు గంగాతీరమున కుమారహట్టము, కాంచనపల్లి ప్రాంతమువాడు. ఈనాటి కలకత్తాకు ఉత్తరముగా నున్న హాలిసహరు, కాంచరపాడాలే ఆ గ్రామములు. వైద్యకులమున జన్మించెను. కలిగిన సంసారి. భార్య, ముగ్గురు కుమారులు, మేనల్లుండ్రు గల పెద్ద కుటుంబము. మహాప్రభువు నాశ్రయించినవారిలో సర్వమును త్యజించినవారు పలువురు కలరు. శివానందునకు అది ప్రాప్తము కాలేదు. ఆయనకు లభించిన సేవ వేరు. ఏటేట రథయాత్రకు ముందుగా వంగదేశపు భక్తులనందరను కూర్చుకొని, నడిపించుకొనిపోయి, నీలాచలమున మహాప్రభువు సన్నిధికి చేర్చుట, చాతుర్మాస్యము గడచిన పిదప క్షేమముగా వెనుకకు తీసికొనివచ్చుట. దీనిని ఆయన ఒకటి రెండు మారులు కాదు, సంవత్సరముల తరబడి చేసెను.

యాత్ర నడపుట యనగా ఏమో మనలో బృందమును కాశీకో బదరికో తీసికొనిపోయినవారి నడిగిన చెప్పుదురు. ఒకరికి కాలు నొచ్చును, ఒకరికి మడినీరు దొరకదు, ఒకరి మూట కనిపించదు. అందరి దర్శనములును ముగిసిన పిదప నడిపినవానికి దర్శనమునకు సమయము మిగిలిన మిగులును, లేనిచో లేదు. శివానందునకు ఇవిగాక మరి రెండు చిక్కులుండెను. మొదటిది నదులు. సువర్ణరేఖ, వైతరణి, మహానది వంటి జలములను పడవలమీద దాటవలెను. రెండవది సుంకములు. దారి పొడుగునను సుంకరులు యాత్రికులను నిలిపి తలకింత యని వసూలు చేయుచుండిరి. పైకము ముట్టనిచో కదలనీయరు. ఉత్కళ మార్గములన్నియు తెలిసినవాడు, పైకము గలవాడు, నోటిమంచితనము గలవాడు శివానందుడు. కావున సుంకరుల యొద్ద పూటలకొలది నిలిచి, అందరి సుంకమును తానే చెల్లించి, బృందమును ముందు సాగనంపి, తాను వెనుక వచ్చుచుండెను. విడుదులు చూపుటయు, భోజనములు అమర్చుటయు ఆయన పనియే.

మహాప్రభువు బృందావనమునుండి తిరిగి నీలాచలము చేరెనను వార్త వంగదేశమునకు వచ్చిన సంవత్సరము, అనగా 1516 ప్రాంతమున, శచీమాత ఆశీస్సులు గైకొని భక్తులందరును ఉత్సాహముతో బయలుదేరిరి. ఆ యాత్రలో ఒక శునకము శివానందునితో కలసి నడచెను. ఆయన దానిని పొమ్మనలేదు. యాత్రికులలో నొకరిగా దానిని లెక్కించి, పూటపూటకు అన్నము పెట్టించుచు, పోషించుచు తీసికొనిపోవుచుండెను.

ఒకనాడు నది దాటవలసివచ్చెను. ఓఢ్రదేశపు పడవవాడు మనుష్యుల నెక్కించుకొనెను గాని కుక్కను ఎక్కనీయలేదు. వారధి కట్టకమునుపు రేపల్లె కడ పెనుమూడి రేవున పడవనెక్కి పులిగడ్డకు దాటిన పెద్దలకు ఈ దృశ్యము కన్నులకు గట్టును. పడవ నిండినది, వెనుకవారు తొందరపెట్టుచున్నారు, ఒడ్డున కుక్క నీటివంక చూచుచు నిలిచియున్నది. అట్టి సమయమున కుక్కపోయిన పోనిమ్మనుటయే లోకసహజము. శివానందుడు మిగుల దుఃఖించెను. కోపించి కాదు, కన్నీటితో కాదు, పైకముతో ఆ చిక్కును విడదీసెను. పది పణముల గవ్వలు పడవవాని కిచ్చి కుక్కను దాటించెను. ఆ కాలమున గవ్వలు నాణెములుగా చెల్లెడివి. పణమునకు ఎనుబది గవ్వలు. పది పణములన్న ఎనిమిదివందలు. చరితామృతకర్త ఈ మొత్తమును గుర్తుంచుకొని వ్రాసెను. సంసారి చేసిన ఖర్చు గనుక సంసారులమైన మనకును ఆ లెక్క గుర్తుండిపోవును.

ఇంతవరకు జరిగినది దయ. దయగల గృహస్థులు మన యూళ్లలోను కొల్లలుగా కలరు. తరువాతి సంగతి వేరు.

మరియొకనాడు ఒక సుంకరి శివానందుని నిలిపివేసెను. లెక్కలు తెమలలేదు. బృందము ముందునకు సాగిపోయెను. వంటలైనవి, భోజనములైనవి. కుక్కకు అన్నము పెట్టవలసిన సేవకుడు మరచిపోయెను. వాని నిందింప పనిలేదు. నూరుమంది భోజనముల సందడిలో ఒక మూగజీవమును మరచుట ఎంతసేపు? రాత్రి యైన తరువాత శివానందుడు బడలి వచ్చెను. భోజనమునకు కూర్చుండునపుడు ఆయన వేసిన ప్రశ్న ఒక్కటియే: కుక్కకు అన్నము దొరకినదా యని. దొరకలేదని తెలిసెను. వెదకించెను, కుక్క లేదు. వెంటనే పదిమంది మనుష్యులను దిక్కులకు పంపెను. వారు వట్టి చేతులతో వచ్చిరి. దినమంతయు ఆకలితో సుంకరి యొద్ద నిలిచి వచ్చిన ఆ పెద్దమనిషి విస్తరి ముందునుండి లేచి, ఆ రాత్రి ఉపవసించెను. ఉదయమున తిరిగి వెదకించెను. శునకము కనబడలేదు. తోడి వైష్ణవులందరును విస్మయము చెందిరి.

వారి విస్మయము మనకును కలుగును. ఒక పూట అన్నము తప్పినందుకు ఇంత దుఃఖమేల? కుక్క ఎచటనో ఇంత దొరకించుకొని తిని యుండును గదా? అదియును గాక, మడియాచారములు పాటించు వైష్ణవ గృహములలో కుక్కకు గుమ్మము లోపల తావులేదు. తాకిన స్నానము చేయుదుము. అట్లని దాని భాగము లేదని మన పెద్దలు ఎన్నడును అనలేదు. వైశ్వదేవము చేసిన గృహస్థుడు కుక్కలకును, కాకులకును, క్రిములకును నేలమీద మెల్లగా అన్నము నుంచవలెనని మనుధర్మమే విధించినది. విసరివేయుట కాదు, మెల్లగా ఉంచుట. గీతాచార్యుడును సమదర్శనమును చెప్పినచోట విద్యావినయములు గల బ్రాహ్మణునితో, గోవుతో, ఏనుగుతో పాటు కుక్కను పేరెత్తి చెప్పెను. దూరముగా నుంచుట వేరు, మరచుట వేరు. శివానందుడు ఆ జీవమును నమ్మించి ఊరు విడిపించి నది దాటించి తెచ్చెను. అన్నము ఇచటనే దొరకునని అది నమ్మినది. నమ్మినదానికి ఆ పూట దొరకలేదు. మరచినవాడు సేవకుడైనను, పెట్టవలసినవాడు తానేయని ఆయన మనస్సునకు తోచెను. సేవకుని ఒక్కమాట యన్నట్లు చరితామృతమున లేదు.

భారతమున మరియొక శునకము కలదు. తిక్కన సోమయాజి తెనిగించిన మహాప్రస్థానిక పర్వమున, హస్తినాపురము విడిచిన పాండవుల వెంట నడచినది. తమ్ములును, ద్రౌపదియు దారిలో పడిపోయినను ధర్మరాజును అది విడువలేదు. దానిని వదలి రథమెక్కుటకు ధర్మరాజు సమ్మతింపలేదు. తుదకు ఆ కుక్క సాక్షాత్తు యమధర్మరాజని తేలినది. అచట అది పరీక్ష. శివానందుని కుక్క ఏ దేవతయు కాదు. దారిన పోయెడి కుక్క, ఆకలిగొన్న కుక్క. ధర్మరాజు ఆ పరీక్షలో నెగ్గెను. శివానందుడు తన లెక్కలో ఓడిపోయెను. ఆయన కథ ఆ ఓటమి దగ్గరనే మనకు చేరువగుచున్నది.

మనస్సు కుదుటపడకయే యాత్ర సాగెను. అందరును నీలాచలము చేరిరి. మహాప్రభువు ఎదురేగి ఆదరించి, జగన్నాథ దర్శనము చేయించి, తనతో పాటు ప్రసాదము స్వీకరింపజేసి, ఎవరి విడుదులకు వారిని పంపెను. యాత్రను సురక్షితముగా చేర్చినందుకు శివానందుడు సంతోషింపవలసిన దినమది. మరునాటి ఉదయమున భక్తులందరును మహాప్రభువు నివాసమునకు వచ్చిరి. వచ్చి చూచినది ఇది.

ఆ శునకమే ప్రభువునకు కొంచెము దూరమున కూర్చుండియున్నది. ప్రభువు ప్రసాదమైన కొబ్బరి ముక్కలను దానికి విసరుచు, నవ్వుచు, రామ, కృష్ణ, హరి యనుమని దానికి నేర్పుచున్నాడు. కుక్క కొబ్బరి తినుచున్నది, మాటిమాటికి కృష్ణనామమును పలుకుచున్నది. చూచినవారు నివ్వెరపోయిరి. అది ఏ దారిన వచ్చినదో, నదులను ఎట్లు దాటినదో, ఎవరి కెరుక? ఎనిమిదివందల గవ్వలు లేక కదలని పడవలను ఆ జీవము గవ్వ లేకయే దాటినది.

శివానందుడు కుక్కను పేరుపెట్టి పిలువలేదు, దగ్గరకు తీయబోలేదు. దూరమునుండియే సాష్టాంగముగా దండప్రణామము చేసి, తన అపరాధమును క్షమింపుమని దైన్యముతో వేడుకొనెను. వంగదేశపు వైష్ణవులలో పెద్ద, పదిమందికి అన్నము పెట్టువాడు, తన చేతి అన్నము తిన్న కుక్క ముందు నేలపై వ్రాలెను. ఇది వినయప్రదర్శనము కాదు. మొన్నటివరకు తాను పోషకుడు, అది పోష్యము. నేడు అది భగవదుచ్ఛిష్టము తినుచున్నది. వైష్ణవునకు ఉచ్ఛిష్టప్రసాదమును మించిన భాగ్యము లేదని ఎరిగినవాడు గనుక, తనకంటె ముందు ఆ భాగ్యము పొందినదానికి నమస్కరించెను. మరునాడు ఆ శునకమును ఎవరును చూడలేదు. దివ్యదేహము ధరించి వైకుంఠమునకు పోయినదని చరితామృతము చెప్పుచున్నది.

కథ యిచటితో ముగిసినట్లే చాలమంది చెప్పుదురు. కాని శివానందుని జీవితములోని మరియొక దినమును దీని ప్రక్క నుంచి చూచినగాని ఆయన మనకు పూర్తిగా తెలియడు. మరియొక సంవత్సరపు యాత్రలో మరల అదే జరిగెను. సుంకరి ఆయనను నిలిపెను. బృందము ముందు నడచి ఒక గ్రామమున చెట్టుక్రింద కూర్చుండెను. విడిది చూపువాడు లేడు. ఈమారు ఆకలిగొన్నవాడు నిత్యానంద ప్రభువు, మహాప్రభువునకు సోదరసమానుడు. ఆయన ఆకలిబాధతో అలిగి, శివానందుని ముగ్గురు కొడుకులును చచ్చిపోవుదురు గాక యని శపించెను. విన్న ఇల్లాలు భోరున ఏడ్చెను. ఇంతలో శివానందుడు వచ్చెను. భార్య చెప్పిన మాట విని, ఆమెను ఊరడించి, నిత్యానందుని కడకు పోయెను. ఆయన లేచి కాలితో తన్నెను. శివానందుడు ఆ పాదధూళి తనకు సోకినదని సంతోషించి, వెంటనే విడిది చూపి, పాదములు పట్టుకొని తన అదృష్టమును కొనియాడుకొనెను. నిత్యానందుని కోపము కరిగి ఆలింగనము చేసికొనెను. మేనల్లుడైన శ్రీకాంతునకు మాత్రము మనసు విరిగి, ఒంటరిగా ముందు పోయి మహాప్రభువు సన్నిధిని చేరెను. తొడిగిన అంగీతోనే నమస్కరింపబోగా సేవకుడైన గోవిందుడు వారించెను. నొచ్చిన మనసుతో వచ్చినవాడు, వానిని ఏమియు అనవలదని మహాప్రభువు వారింపును ఆపెను.

రెండుమారులును సుంకరియే నిలిపెను. రెండుమారులును తన చేతిలో లేని ఆలస్యమువలన ఒకరు ఆకలితో నుండిరి. ఒకమారు కుక్క, ఒకమారు నిత్యానందుడు. రెండుమారులును తప్పు తనదేయనెను. అలిగి పోయిన కుక్కకు మ్రొక్కెను. అలిగి తన్నిన ప్రభువునకు మ్రొక్కెను. సుంకరి మీదికి తప్పు తోయుట ఎంత సులువు! ఆయనకు ఆ సులువు తట్టలేదు. ఆ రెండవ యాత్రలోనే మహాప్రభువు గోవిందుని పిలిచి, శివానందుని భార్యాపుత్రులు నీలాచలమున నున్నంతవరకు తన భుక్తశేషమును వారికి తప్పక అందజేయవలెనని ఆజ్ఞాపించెను. శునకము ముందుగా పొందిన ప్రసాదము తరువాత ఆ కుటుంబమునకు లభించెను.

కొడుకుల సంగతియు కొంత చెప్పవలెను. పెద్దవాడు చైతన్యదాసు. శివానందుడు మహాప్రభువును భిక్షకు పిలిచి బరువైన పిండివంటలతో విందు చేయగా ప్రభువునకు అది అంతగా రుచింపలేదు. మరియొకనాడు ఈ పిల్లవాడే పిలిచి పెరుగు, నిమ్మకాయ, అల్లము, వడియములు, ఉప్పు అమర్చెను. తన మనసెరిగి పెట్టినాడని ప్రభువు మెచ్చుకొనెను. ఎవరి ఆకలి ఎట్టిదో ఎరిగి పెట్టుట ఆ ఇంటి విద్యయై యుండును. రెండవవాడు రామదాసు. కడగొట్టువాడు పరమానందదాసు, మహాప్రభువు ఆజ్ఞచే పురీదాసు అని పిలువబడినవాడు. ఈతనిని సన్నిధికి తెచ్చినపుడు కృష్ణ యనుమని ప్రభువు పలుమార్లు కోరెను. బాలుడు నోరు మెదపలేదు. తండ్రి బుజ్జగించి, బ్రతిమాలి, ఎంత యత్నించినను ఫలింపలేదు. చరాచరములచేత నామము పలికించిన తాను ఈ పిల్లవానిచేత పలికింపలేకపోతినని ప్రభువు విస్తుపోయెను. తనకు ప్రభువే మంత్రోపదేశము చేసెనని తలచి బాలుడు దానిని పైకి పలుకక మనస్సులో జపించుచున్నాడని స్వరూపదామోదరుడు సమాధానము చెప్పెను. మరియొకనాడు ఏడేండ్ల ఆ బాలుడు సన్నిధిలోనే సంస్కృతశ్లోకము అల్లి చెప్పి అందరను ముగ్ధులను చేసెను. కవికర్ణపూరుడను పేర చైతన్యచంద్రోదయ నాటకమును, ఆనందబృందావన చంపువును, 1576లో గౌరగణోద్దేశదీపికను రచించినవాడు ఈతడే. కొడుకు మౌనముగా నిలిచిన ఆ క్షణమున, కొబ్బరి ముక్క కొరుకుచు నామము పలికిన శునకము శివానందునకు గుర్తు వచ్చి యుండదా యని నేను అనుకొనుచుందును.

1533లో మహాప్రభువు అంతర్హితుడైన పిదప వంగభక్తుల ఆ యాత్రకు మునుపటి గమ్యము లేకపోయెను. మహాప్రభువు నివసించిన కాశీమిశ్రుని గృహము నేడు రాధాకాంత మఠమను పేర పూరీలో, జగన్నాథాలయము నుండి సముద్రమునకు పోవు దారిలో నున్నది. అందలి గంభీర యను చిన్న గదిలో ఆయన పాదుకలు, కమండలువు, కంథ భద్రపరచబడియున్నవి. మన ప్రాంతపు యాత్రికులు పెక్కుమంది జగన్నాథుని సేవించి, సముద్రస్నానము చేసి, సాయంకాలపు బండికి తొందరపడుచు ఈ మఠమును చూడక వచ్చెదరు. ఒక్క గడియ చాలును. లోపలికి పోయి ఆ గదిని దర్శించి, వెలుపలికి వచ్చునపుడు ముంగిట కొంచెము నిలువుడు. శివానందుడు దండప్రణామము చేసినది ఈ ముంగిటనే. పూరీ వీధులలో కుక్కలకు కొదువ లేదు. చేతిలోని ప్రసాదపు కొబ్బరికై వానిలో ఏదో ఒకటి అప్పటికే మీ వంక చూచుచుండును.